రూట్ తర్వాత లైన్‌లో 3 వచ్చింది: కాలేజీ ల్యాబ్ సర్వర్‌లో డర్టీ పైప్ కేసు

నేను నెల్లూరులో ఉంటాను, చిన్న చిన్న సంస్థలకి లినక్స్ సర్వర్లు చూస్తాను, హేచరీలు, కోల్డ్ స్టోరేజీలు, రెండు మూడు కాలేజీ ల్యాబులు, ఇట్టాంటివి. ఇప్పుడు రాసేది 2022 ఏప్రిల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో జరిగిన కేసు, కాలేజీ పేరు చెప్పను, కావలికీ ఒంగోలుకీ మధ్యలో ఎక్కడో అనుకోండి. ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, జరిగిన దానికి డిస్క్‌లో దాదాపు సాక్ష్యమే మిగల్లేదు, మిగిలిన సాక్ష్యం దొరికిన చోట్లేమో మనం సాధారణంగా వెతికేవి కావు. ఇట్టాంటి ల్యాబులు చూసుకునే వాళ్ళు మన రెండు జిల్లాల్లోనే చాలామంది ఉన్నారు, వాళ్ళకి పనికొస్తుందని.

ముందు సెటప్ చెప్తాను. సర్వర్ అంటే ర్యాక్ సర్వర్ కాదు, 32 జీబీ ర్యామ్ ఉన్న ఒక టవర్ మిషన్, ఉబుంటు 20.04. సెకండ్ ఇయర్, థర్డ్ ఇయర్ సీఎస్‌ఈ పిల్లలు 180 మంది దాకా క్లయింట్ మిషన్ల నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో ఇందులోకే లాగిన్ అయి సీ ప్రోగ్రాములు, షెల్ స్క్రిప్టులు, ఓఎస్ ల్యాబ్ చేస్తారు. 2021 సెప్టెంబర్‌లో ఇన్‌స్టాల్ చేసింది నేనే, ఆ రోజు నా దగ్గరున్న పెన్ డ్రైవ్‌లో డెస్క్‌టాప్ ఇమేజ్ ఉంటే దాంతోనే వేసేశాను. ఇది గుర్తు పెట్టుకోండి, కథకి ముఖ్యం. ఉబుంటు 20.04 సర్వర్ ఇమేజ్‌తో వేస్తే మామూలుగా 5.4 కెర్నల్ (మిషన్ మొత్తాన్ని నడిపించే లినక్స్ లోపలి ప్రోగ్రాం) వస్తుంది, అదే డెస్క్‌టాప్ ఇమేజ్‌తో వేస్తే హెచ్‌డబ్ల్యూఈ అని కొత్త కెర్నల్ లైన్ వస్తుంది, అది అప్డేట్లతో పాటు పైకి జరుగుతా పోతుంది, 2022 మొదట్లో అది 5.13కి చేరింది. పైకి రెండూ 20.04 అనే కనిపిస్తాయి, లోపల కెర్నల్ వేరు.

ఏప్రిల్ 13, బుధవారం సాయంత్రం. నేను తీరం వైపు ఒక రొయ్యల హేచరీలో నెట్‌వర్క్ పని మీద ఉన్నాను. ల్యాబ్ అసిస్టెంట్ ఫోన్ చేశాడు, నేను తమ్ముడు అని పిలుస్తాను. "అన్నా, రికార్డులు దిద్దుతున్నా, ఒక చిన్న డౌట్" అన్నాడు. పిల్లలకి ఒక ఎక్సర్‌సైజ్ ఉంటుంది, ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే పాస్‌వర్డ్ ఫైల్‌లోంచి యూజర్ పేర్లు మాత్రం ఆక్ కమాండ్‌తో తీసి ప్రింట్ చేసి రికార్డులో అంటించాలి. ఏళ్ళ తరబడి అందరి రికార్డుల్లో వచ్చే ఔట్‌పుట్ ఒకటే: రూట్ (మిషన్ మీద అన్ని హక్కులూ ఉండే యూజర్), దాని కింద డీమన్, బిన్, సిస్, సింక్, అట్టా కిందికి పోతుంది. పొద్దున బ్యాచ్ వాళ్ళకి అట్టానే వచ్చింది. మధ్యాహ్నం బ్యాచ్‌లో చివర్లో ప్రింట్ తీసుకున్న పదకొండు మందికి మాత్రం రూట్, దాని కింద 3, దాని కింద సింక్. డీమన్ లేదు, బిన్ లేదు, సిస్ లేదు, వాటి చోట ఒక్క 3 అంకె.

"ఆ 3 ఏందన్నా?" అన్నాడు.

నేను ఎవరో స్క్రిప్ట్ తప్పు రాస్తే మిగతావాళ్ళు కాపీ కొట్టి ఉంటారు అన్నాను. పిల్లలు కాపీ కొడతారనేది నిజమే, కానీ ఆ మాట చెప్పి పక్కన పెట్టేయడం నా తప్పు, ఆ నిమిషంలో ఫోన్లోంచే లాగిన్ అయి ఒక్కసారి ఫైల్ చూసి ఉంటే ఈ కేసు పది నిమిషాల్లో తేలిపోయేది. 14 అంబేడ్కర్ జయంతి, 15 గుడ్ ఫ్రైడే, తర్వాత శని ఆదివారాలు, సోమవారం వస్తాలే అని చెప్పేశాను.

ఆ నెల కరెంటు పరిస్థితి అందరికీ గుర్తుండే ఉంటుంది, పరిశ్రమలకి పవర్ హాలిడే పెట్టారు, ఊళ్ళలో గంటలు గంటలు కోత. శనివారం 16 రాత్రి కాలేజీలో కరెంటు పోయింది, యూపీఎస్ కూడా అయిపోయింది, సర్వర్ ఆగిపోయింది, కరెంటు వచ్చాక దానంతట అదే లేచింది. సోమవారం 18న నేను కావలి దాకా రైల్లో పోయి ఆడ నుంచి బస్సెక్కి కాలేజీకి చేరేసరికి పది దాటింది. లాగిన్ అయి ఫైల్ ఓపెన్ చేశాను. రూట్, డీమన్, బిన్, సిస్, సింక్. అన్నీ ఉన్నాయి. ఫైల్ చివరిసారి మారింది ఎప్పుడని చూస్తే జనవరి 24, అంటే సంక్రాంతి తర్వాత లేటరల్ ఎంట్రీ పిల్లలకి అకౌంట్లు తీసిన రోజు. తర్వాత ఎవరూ ముట్టుకోలేదు అంటోంది మిషను. ఇంకొకరైతే ఆడితో ఆపేసేవాళ్ళే, నేను కూడా ఆపేసేవాడినే, కానీ తమ్ముడు ఆ పదకొండు కాగితాలూ, వాటికి ముందు తీసినవీ తెచ్చి టేబుల్ మీద పరిచాడు. ప్రతి దాని పైన తేదీ, టైము ఉంది, ఎందుకంటే ప్రింట్ స్క్రిప్ట్‌లో తేదీ కొట్టమని ఆయనే పెట్టించాడు. 2 గంటల 20 నిమిషాలకి తీసిన కాగితంలో డీమన్ ఉంది. 2 గంటల 31 నిమిషాలకి తీసిన దాంట్లో 3 ఉంది. ఆ తర్వాత సాయంత్రం దాకా తీసిన ప్రతి కాగితంలోనూ 3. స్క్రిప్టులు చూస్తే ఒకరిది ఒకరికి పోలిక లేదు, ఒకడు ఆక్ వాడాడు, ఒకమ్మాయి కట్ కమాండ్ వాడింది, ఔట్‌పుట్ మాత్రం ఒకటే. అంటే తప్పు స్క్రిప్ట్‌ది కాదు, ఆ టైములో ఫైలే అట్టా ఉంది.

కానీ డిస్క్ మీద ఫైల్ మారలేదు. మారకుండా మారింది. ఈ మాట లోపల అనుకున్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే అట్టా చేసే బగ్ ఒకటి నెల క్రితమే చదివాను.

దాని నంబరు సీవీఈ-2022-0847 (సీవీఈ అంటే బయటపడిన భద్రతా లోపాలకి ఇచ్చే నంబరు), డర్టీ పైప్ అంటారు. 2022 మార్చి 7న బయటపెట్టారు. కనిపెట్టింది మాక్స్ కెల్లర్‌మన్ అని జర్మనీలో ఒక హోస్టింగ్ కంపెనీలో పనిచేసే డెవలపర్. ఆయన కనిపెట్టిన తీరు చెప్పాలి, ఎందుకంటే ఆయన మొదలుపెట్టింది కూడా మా 3 లాంటి చిన్న దాంతోనే. 2021 ఏప్రిల్‌లో ఒక కస్టమర్ కంప్లైంట్, వెబ్‌సైట్ లాగ్ ఫైల్ జీజిప్‌ది డౌన్‌లోడ్ చేస్తే విప్పుకోవట్లేదు, చెక్‌సమ్ (ఫైల్ చెడిపోలేదని సరిచూసే లెక్క) తప్పంటోంది అని. ఆయన సరిచేసి వదిలేశాడు. కొన్ని నెలలకి మళ్ళీ వచ్చింది, మళ్ళీ వచ్చింది. చెడిపోయిన ఫైల్స్ అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చివరి 8 బైట్లు మాత్రమే చెడిపోయాయి, అన్నిట్లో అవే 8 బైట్లు, అవి చూస్తే జిప్ ఫైల్‌లో వచ్చే ఒక హెడర్ మొదలు. ఎక్కువగా నెలాఖరు రోజు ఫైళ్ళే చెడిపోతున్నాయి. వాళ్ళ దగ్గర నెల మొత్తం లాగులని కలిపి జిప్‌గా పంపే సర్వీస్ ఒకటి ఉంది, అది చివరి రోజు ఫైల్ పంపగానే ఈ హెడర్ రాస్తుంది. కానీ ఆ సర్వీస్‌కి ఆ లాగ్ ఫైళ్ళని చదివే పర్మిషన్ మాత్రమే ఉంది, రాసే పర్మిషనే లేదు. చదివే వాడు రాయడం ఎట్టా సాధ్యం? ఆ ప్రశ్న పట్టుకుని కెర్నల్ లోపలిదాకా పోయాడు ఆయన, 2022 ఫిబ్రవరిలో తేల్చాడు, తప్పు తన ప్రోగ్రాంలో కాదు, కెర్నల్లోనే అని. ఇంత ఓపిగ్గా ఒక చెడిపోయిన ఫైల్ వెనక పడిన మనిషంటే నాకు గౌరవం.

ఇప్పుడు బగ్ ఏందో చెప్తాను, మన వైపు లెక్కలో చెప్తే తేలిగ్గా అర్థమవుద్ది. ఎమ్మార్వో ఆఫీసులో పాత రోజుల్లో అడంగల్ రికార్డ్ రూంలో ఉండేది అనుకోండి. ఎవరడిగినా ప్రతిసారీ రూంలోకి పోయి తీయరు, ఒకసారి తీసిన కాపీ టేబుల్ మీద పెట్టుకుంటారు, తర్వాత వచ్చే వాళ్ళందరికీ టేబుల్ మీది కాపీనే చూపిస్తారు. లినక్స్‌లో పేజ్ కాష్ అంటే ఈ టేబుల్. ఫైల్ ఒకసారి చదివితే 4096 బైట్ల ముక్కలుగా మెమొరీలో ఉండిపోతుంది, తర్వాత ఎవరు చదివినా డిస్క్ దాకా పోకుండా ఆ మెమొరీ ముక్కే ఇస్తుంది. ఎవరికైనా రాసే హక్కుండి రాస్తే, ఆ ముక్క మీద రాసి, ఇది మారింది అని గుర్తు పెట్టి, తర్వాత డిస్క్‌కి పంపుతుంది.

పైప్ అంటే ఒక ప్రోగ్రాం ఔట్‌పుట్ ఇంకో ప్రోగ్రాంకి అందించే గొట్టం, పిల్లలు ల్యాబ్‌లో రోజూ వాడే నిలువు గీతే అది. కెర్నల్ లోపల అది మామూలుగా 16 గదులు, ఒక్కో గదిలో ఒక్కో పేజీ. గదికి ఒక ఫ్లాగ్ ఉంటుంది, ఈ పేజీలో ఇంకా చోటుంది, తర్వాత వచ్చేది కొత్త పేజీలో కాకుండా ఇందులోనే కలిపి రాయొచ్చు అని చెప్పే గుర్తు. మామూలు డేటాకి అది మంచిదే, మెమొరీ వృథా కాదు. ఇక స్ప్లైస్ అని ఒక సిస్టమ్ కాల్ ఉంది, అది ఫైల్‌ని కాపీ చేయకుండా పేజ్ కాష్‌లో ఉన్న అదే పేజీని తెచ్చి పైప్ గదిలో తగిలిస్తుంది, స్పీడ్ కోసం. అట్టా తగిలించేటప్పుడు ఆ గది ఫ్లాగ్‌ని శుభ్రంగా సున్నా చేయాలి. చేయలేదు. ఆ గదిలో ఇంతకు ముందు ఉన్న ఫ్లాగ్ అట్టానే ఉండిపోయింది. రైస్ మిల్లులో పాత గోనె సంచి మళ్ళీ వాడేటప్పుడు పాత గుర్తు చెరపకుండా వాడినట్టు, ఇందులో ఇంకా పోయొచ్చు అని రాసున్న సంచిలో వేరే రైతు ధాన్యం ఉంటే ఏమవుద్ది, వచ్చేవాడు అందులోనే పోసేస్తాడు. అంతే జరిగింది. పైప్‌లోకి రాసిన డేటా పోయి ఫైల్ తాలూకు పేజ్ కాష్ పేజీలో పడింది, రాసే పర్మిషన్ ఉందా అని ఎవరూ అడగలేదు, ఎందుకంటే కెర్నల్ దృష్టిలో అతను రాస్తోంది తన సొంత పైప్‌లోకి.

ఆ సున్నా చేయని లోపం 2016లో 4.9 కెర్నల్ నాటి నుంచీ ఉంది, కానీ అప్పుడు దాంతో ప్రమాదం లేదు, ఎందుకంటే కలిపి రాయొచ్చు అనే సంగతి అప్పట్లో ఆ ఫ్లాగ్‌లో ఉండేది కాదు. 2020లో 5.8 కెర్నల్లో కోడ్ శుభ్రం చేస్తా ఆ సంగతిని ఫ్లాగ్‌గా మార్చారు. ఆ మార్పు కూడా దానికదే తప్పు కాదు. నాలుగేళ్ళ తేడాతో జరిగిన రెండు పనులు కలిసి బగ్ అయ్యింది, ఏ ఒక్క మార్పుని విడిగా రివ్యూ చేసినా కనిపించేది కాదు. ఫిక్స్ చేసిందేమో, పేజీ తగిలించే రెండు చోట్లా ఫ్లాగ్‌ని సున్నా చేయడం, రెండంటే రెండే లైన్లు. 5.16.11, 5.15.25, 5.10.102 వెర్షన్లలో వచ్చింది.

దీనికి హద్దులున్నాయి, కేసులో ఈ హద్దులే మాకు దారి చూపించాయి. ఫైల్‌ని చదివే పర్మిషన్ అన్నా ఉండాలి. పేజీ మొట్టమొదటి బైట్ మార్చలేరు, ఎందుకంటే కనీసం ఒక బైట్ అన్నా ముందు స్ప్లైస్ చేయాలి. పేజీ సరిహద్దు దాటి రాయలేరు. ఫైల్ సైజు పెంచలేరు. పైగా మారిన పేజీకి మారింది అనే గుర్తు పడదు, కాబట్టి కెర్నల్ దాన్ని డిస్క్‌కి పంపదు, ఫైల్ టైము కూడా మారదు. రీబూట్ చేస్తే మార్పు మాయం.

సైజు పెంచలేరు అన్నది చూడండి. ఉబుంటులో పాస్‌వర్డ్ ఫైల్ మొదటి లైన్ రూట్‌ది, లైన్ చివర గుర్తుతో కలిపి 32 బైట్లు. డీమన్ లైన్ 48, బిన్ లైన్ 37. మొత్తం 117. రూట్ లైన్‌లో ఎక్స్ అనే ఒక్క అక్షరం ఉంటుంది, పాస్‌వర్డ్ వేరే ఫైల్‌లో ఉందని గుర్తు. తనకి తెలిసిన పాస్‌వర్డ్‌తో రూట్ అవ్వాలనుకునేవాడు ఆ ఎక్స్ చోట దాని హ్యాష్ (పాస్‌వర్డ్‌ని గుర్తుపట్టలేని అక్షరాలుగా మార్చిన రూపం) పెట్టాలి, ఆ హ్యాష్ ఒక్కటే 86 అక్షరాలు, ముందు వచ్చే సాల్ట్ (హ్యాష్ చేసేటప్పుడు కలిపే అదనపు అక్షరాలు) అవీ కలిపితే ఇంకా ఎక్కువ. ఫైల్ మధ్యలో జరిపి చోటు చేసుకోవడం కుదరదు కాబట్టి కొత్త లైన్ తర్వాతి లైన్లని తినేసుకుంటా పోవాల్సిందే. కొత్త రూట్ లైన్ 123 బైట్లు అయితే, రూట్, డీమన్, బిన్ పూర్తిగా పోయి, సిస్ లైన్లో మొదటి 6 బైట్లు కూడా పోతాయి. సిస్ లైన్ మొదలు సిస్ అనే మూడక్షరాలు, కోలన్, ఎక్స్, కోలన్, సరిగ్గా 6. ఆ తర్వాత వచ్చేది సిస్ యూజర్ నంబరు.

అది 3.

కాగితం మీద లెక్క వేసి ఆడికి వచ్చేసరికి తమ్ముడూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

సరే, ఊహ కుదిరింది, రుజువు కావాలి. కాలేజీ వాళ్ళకి పోయి పిల్లోడెవరో రూట్ అయ్యాడు అని చెప్పాలంటే అంకె ఒక్కటి చాలదు. ముందు చూసింది ఏ కెర్నల్ నడిచిందో. ఇప్పుడు యూనేమ్ (నడుస్తున్న కెర్నల్ ఏదో చెప్పే కమాండ్) కొడితే 5.13.0-35, అది ప్యాచ్ ఉన్నది, అంటే ఈ బగ్ సరిచేసింది. కానీ ఇది శనివారం రాత్రి లేచిన తర్వాతి సంగతి. లాస్ట్ రీబూట్ కమాండ్ ప్రతి బూట్‌కి ఏ కెర్నల్‌తో లేచిందో చూపిస్తుంది, దాంట్లో అంతకు ముందు బూట్ ఫిబ్రవరి 28, శివరాత్రి ముందు రోజు, కెర్నల్ 5.13.0-30, ప్యాచ్ లేనిది. డీపీకేజీ లాగ్ (ఏది ఎప్పుడు ఇన్‌స్టాల్ అయిందో రాసే చిట్టా) చూస్తే 35 కెర్నల్ మార్చి 10నే ఇన్‌స్టాల్ అయిపోయింది, ఆటోమేటిక్ అప్డేట్స్ తన పని తాను చేసేసింది. డిస్క్ మీద మందు ఉంది, ఒంట్లోకి పోలేదు. కొత్త కెర్నల్ ఇన్‌స్టాల్ అయితే చాలదు, రీబూట్ చేస్తేనే అది నడుస్తుంది, ఉబుంటులో ఆటోమేటిక్ రీబూట్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయాల్సింది నేను, చేయలేదు. అంతకు ముందైతే కరెంటు పోతా వస్తా ఉండటంతో మిషన్ దానంతటదే వారానికోసారి రీబూట్ అయ్యేది, ఫిబ్రవరిలో యూపీఎస్‌కి కొత్త బ్యాటరీలు వేశాక 47 రోజులు ఆగకుండా నడిచింది. ప్యాచ్ వచ్చిన రోజు నుంచి లెక్కేసినా ఐదు వారాల పైన అట్టా తెరుచుకుని ఉంది.

రెండోది ఆథ్ లాగ్, ఎవరెప్పుడు లాగిన్ అయ్యారో రాసే చిట్టా. ఏప్రిల్ 13, 2 గంటల 29 నిమిషాలకి ఒక స్టూడెంట్ యూజర్ ఐడీ నుంచి సు కమాండ్‌తో (ఇంకో యూజర్‌గా మారే కమాండ్) రూట్ సెషన్ ఓపెన్ అయ్యింది. ఒక్కసారికే, పాస్‌వర్డ్ తప్పు కొట్టిన ప్రయత్నం ఒక్కటి కూడా లేదు. ఆ సర్వర్‌లో రూట్‌కి పాస్‌వర్డే లేదు, లాక్ చేసి ఉంది, మేమందరం సుడోనే (సొంత పాస్‌వర్డ్‌తోనే రూట్ పనులు చేయించే కమాండ్) వాడతాం. లేని పాస్‌వర్డ్‌ని ఎట్టా సరిగ్గా కొట్టాడు?

మూడోది నాకు అసలు ఊహించని చోట దొరికింది, బ్యాకప్. రోజూ రాత్రి ఒకటిన్నరకి ఈటీసీ ఫోల్డర్ మొత్తం టార్ చేసి, అంటే ఒకే ఫైల్‌గా మూట కట్టి, పక్కన ఉన్న స్టోరేజ్ బాక్స్‌లో పెడుతుంది. టార్ కూడా ఫైల్ చదవాలంటే టేబుల్ మీది కాపీనే చదువుతుంది కదా. 14, 15, 16 తేదీల టార్ ఫైళ్ళు విప్పి చూస్తే మూడిట్లోనూ ఉంది, రూట్ లైన్లో పొడుగాటి హ్యాష్, కింద 3తో మొదలయ్యే తెగిపోయిన లైన్. 13 తెల్లారుజాము దాంట్లో లేదు, 17 దాంట్లో లేదు. డిస్క్‌లో ఎప్పుడూ లేని ఫైల్ బ్యాకప్‌లో ఉంది! టార్ కాబట్టి దొరికింది, అదే ఆర్‌సింక్ (మారిన ఫైళ్ళని మాత్రమే కాపీ చేసే ప్రోగ్రాం) అయ్యుంటే సైజూ టైమూ మారలేదు కాబట్టి మామూలు సెట్టింగ్‌లో ఆ ఫైల్‌ని వదిలేసి ముందుకు పోయేది, సాక్ష్యం మిగిలేది కాదు. అప్పటి నుంచి ఈటీసీ ఫోల్డర్‌కి మాత్రం నేను ఎక్కడైనా పూర్తి టార్ పెడుతున్నాను, ఎంతా, కొన్ని ఎంబీలే కదా.

ఒక పెద్ద గండం కూడా తప్పింది. ఆ గురువారం తమ్ముడు ఒక పిల్లోడికి కొత్త అకౌంట్ తీయాల్సింది, సెలవని సోమవారానికి పెట్టుకున్నాడు. యూజర్ యాడ్ చేసే ప్రోగ్రాం పాత ఫైల్ చదివి, కొత్త లైన్ కలిపి, మొత్తం కొత్త ఫైల్‌గా డిస్క్‌కి రాస్తుంది. ఆ రోజు తీసుంటే టేబుల్ మీది దొంగ కాపీ రికార్డ్ రూంలోకి అసలు కాపీగా పోయేది, రీబూట్ అయినా ఆ రూట్ పాస్‌వర్డ్ అట్టానే ఉండేది.

రాత్రి ఇంటికొచ్చి వర్చువల్ మిషన్‌లో అదే 5.13.0-30 కెర్నల్ వేసి, బయట అందరికీ తెలిసిన పరీక్షా కోడ్‌తో తిరిగి చేసి చూశాను. ఆక్ కొడితే రూట్, 3, సింక్. తర్వాత డీడీ కమాండ్‌ని డైరెక్ట్ ఫ్లాగ్‌తో పెట్టి కాష్‌ని దాటేసి డిస్క్ నుంచి నేరుగా చదివితే డీమన్, బిన్ అన్నీ పదిలంగా ఉన్నాయి. ఒకే ఫైల్, ఒకే క్షణం, రెండు కథలు. ఎవరికైనా నడుస్తున్న మిషన్ మీద ఇట్టాంటి అనుమానం వస్తే చేయాల్సింది ఇదే, రీబూట్ కొట్టకముందు ఈ రెండు రకాలుగా చదివి పోల్చండి, కాష్ కాపీని పక్క మిషన్‌కి తీసుకోండి, ఆ తర్వాతే ముట్టుకోండి. మా దగ్గర పవర్ కట్ మమ్మల్ని అడక్కుండానే సాక్ష్యాన్ని తుడిచేసింది, టెంప్ ఫోల్డర్‌లో ఏముండిందో కూడా బూట్‌లో పోయింది. 35 కెర్నల్ మీద అదే కోడ్ నడిపితే ఏమీ మారలేదు.

పిల్లోడి సంగతి. థర్డ్ ఇయర్, కందుకూరు దగ్గర పల్లె. ఆ నెల 4వ తేదీనే కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది, ఏ జిల్లా అంటే వాడు ఒక క్షణం ఆగి చెప్పాడు. హెచ్‌ఓడీ మేడం రూంలో కూర్చోబెడితే చెమటలు పడతా ఉన్నాయి. నేను ప్రింట్ కాగితం చూపించి, "ఈ 3 ఎట్టా వచ్చిందో నాకు తెలుసు నాయనా, నువ్వు చెప్తే విందామని" అన్నాను. మొత్తం చెప్పేశాడు. వీడియో చూశాడు, మన ల్యాబ్‌లో పనిచేస్తదా అని కంపైల్ చేసి నడిపాడు, రూట్ ప్రాంప్ట్ వచ్చింది, భయమేసింది, బయటికొచ్చేశాడు. పాస్‌వర్డ్ ఫైల్ చెడిపోయిందని చూశాడు, వెనక్కి ఎట్టా తేవాలో తెలియలేదు. "నాలుగు రోజులు నిద్రపోలేదు సార్, సోమవారం చూస్తే దానంతటదే బాగుంది, ఎట్టా బాగైందో కూడా తెలీదు" అన్నాడు. అది చెప్తున్నప్పుడు వాడి గొంతు పూడిపోయింది.

నేను వాడి మాట నమ్మాను. కానీ సర్వర్‌ని నమ్మలేదు, ఈ రెండూ వేరు వేరు. బుధవారం మధ్యాహ్నం నుంచి శనివారం రాత్రి దాకా, ఆ పాస్‌వర్డ్ తెలిసిన ఎవరైనా, లేదా అదే వీడియో చూసిన ఇంకెవరైనా రూట్ అయ్యుండొచ్చు. లాగులు రూట్ చేతిలోనే ఉంటాయి కాబట్టి లాగులో లేదంటే జరగలేదని కాదు. ప్యాకేజీ ఫైళ్ళ చెక్‌సమ్‌లు చూశాను, తేడా లేదు, అయినా 20న మొత్తం తుడిచి మళ్ళీ వేశాను. ఈసారి సర్వర్ ఇమేజ్, 5.4 కెర్నల్, ఈ బగ్ పుట్టకముందుది, కాబట్టి దీని వరకు బెంగ లేదు. మర్నాడే ఉబుంటు 22.04 వస్తోంది, అది వేద్దామా అని తమ్ముడు అడిగాడు, సెమిస్టర్ మధ్యలో వద్దన్నాను. 180 మంది పాస్‌వర్డ్‌లూ మార్పించాం, అసలు పాస్‌వర్డ్ హ్యాష్‌లుండేది షాడో ఫైల్‌లో, అవి ఎవరైనా తీసుకెళ్ళి ఉండొచ్చు కదా, ఇదే పాస్‌వర్డ్ మెయిల్‌కి కూడా పెట్టుకున్న వాళ్ళు చేతులెత్తండి అంటే సగం క్లాసు ఎత్తింది, వాళ్ళందరికీ ఆ గంటలోనే అవి కూడా మార్పించాం. స్టోరేజ్ బాక్స్ లాగిన్ సర్వర్‌లో రూట్‌కి కనిపించే చోట ఉండేది, అదీ మార్చాం, ఇప్పుడు ఆ బాక్సే వచ్చి బ్యాకప్ లాక్కుంటుంది, సర్వర్‌కి దాని తాళం తెలీదు.

కాలేజీలో కొందరు పిల్లోడిని సస్పెండ్ చేయాలన్నారు. నేను మేడంకి చెప్పింది ఒకటే, ఐదు వారాలు తలుపు తీసిపెట్టింది నేను, వాడు తోసి చూశాడు, తప్పే, కానీ ముందు తప్పు నాది. రెండు వారాలు ల్యాబ్ ఆపి, వాళ్ళ నాన్నని పిలిపించి మాట్లాడి వదిలేశారు.

ఇక్కడ నా ఆలోచనలో ఉన్న అసలు పొరపాటు చెప్పాలి. మార్చిలో ఈ బగ్ గురించి చదివినప్పుడు నాకు తెలుసు. తీవ్రత స్కోరు పదికి 7.8, కానీ లోకల్ అని రాసుంది, అంటే ముందు మిషన్‌లో లాగిన్ ఉన్నవాడే చేయగలడు. నా హేచరీల సర్వర్లలో లాగిన్ ఉండేది నాకొక్కడికే, అందుకని లోకల్ అంటే తర్వాత చూసుకోవచ్చు అని మనసులో అలవాటైపోయింది. కాలేజీ ల్యాబ్‌లో 180 మంది లోకల్. వాళ్ళకి మనమే అకౌంట్ తీసిచ్చి, మనమే కంపైలర్ చేతికిచ్చి, ప్రోగ్రాములు రాయండి అని కూర్చోబెడతాం. అట్టాంటి చోట ప్రివిలేజ్ ఎస్కలేషన్ బగ్ (మామూలు యూజర్‌ని రూట్ చేసేసే బగ్) కన్నా ముందు చూడాల్సింది ఇంకోటి లేదు. 2016లో డర్టీ కౌ అనే కెర్నల్ బగ్ బయటపడినప్పుడు కూడా ఇదే కథ, 2007 నుంచి తొమ్మిదేళ్ళు కెర్నల్లో ఉండిపోయింది, అదీ లోకలే, అదీ చదివే పర్మిషన్ ఉన్న ఫైల్ మీద రాయడమే. అందులో టైమింగ్ కుదరాలి, రెండు థ్రెడ్లు పోటీ పడాలి, ఒక్కోసారి మిషన్ కూలిపోయేది. డర్టీ పైప్‌కి ఆ పోటీ ఏమీ లేదు, నడిపితే మొదటిసారికే పనిచేస్తుంది, అందుకే థర్డ్ ఇయర్ పిల్లోడికి ఒక మధ్యాహ్నంలో సాధ్యమైంది.

పిల్లలు మా ఫోన్ల సంగతేంది సార్ అని అడిగారు. ఆండ్రాయిడ్ కూడా లినక్స్ కెర్నలే, కెల్లర్‌మన్ పిక్సెల్ 6 మీద చేసి చూపించాడు, కానీ 5.8కి ముందు కెర్నల్ ఉన్న ఫోన్లకి ఈ బగ్ లేదు. సెట్టింగ్స్‌లో కెర్నల్ వెర్షన్ చూసుకోమంటే క్లాసులో దాదాపు అందరివీ నాలుగుతో మొదలయ్యేవే.

ఇప్పుడు అన్ని ల్యాబ్ సర్వర్లలో ఆటోమేటిక్ రీబూట్ ఆన్ చేశాను, అవసరమైన రోజు తెల్లారుజామున 4 గంటలకి. దానికి తోడు తమ్ముడు ప్రతి సోమవారం పొద్దున మొదటి ల్యాబ్‌కి ముందు వాట్సాప్‌లో రెండు లైన్లు పంపిస్తాడు, ఒకటి నడుస్తున్న కెర్నల్, రెండోది డిస్క్‌లో ఉన్న అన్నిటికన్నా కొత్త కెర్నల్. రెండూ ఒకటే ఉండాలి. జూన్‌లో ఒక సోమవారం తేడా వచ్చింది, రాత్రి ఎవరో స్విచ్ ఆపేసి పోతే నాలుగింటి రీబూట్ జరగలేదు, పొద్దున లేచిన వెంటనే అప్డేట్ దిగింది. "తేడా ఉందన్నా, పిల్లలు గేట్ దగ్గరున్నారు, కొట్టేదా?" అన్నాడు. కొట్టెయ్యి అన్నాను. పిల్లలు వచ్చి కూర్చునేసరికి లాగిన్ ప్రాంప్ట్ వచ్చేసింది. ఆ పదకొండు కాగితాలు ఇప్పటికీ ల్యాబ్ బీరువాలో స్టాక్ రిజిస్టర్ పక్కన ఒక ఫైల్లో ఉన్నాయి.